కదలని శిఖరం

ప్రియమైన చిట్టీ,

దేవుడు నీ చెవిన వేసిన మాటను దాచుకోవడానికి నువ్వెవరివి? ఎలక్ట్రాన్‌ను ముట్టుకోకుండా, దాని స్పిన్ చేసే సవ్వడి విన్నానని రాశావు. ఆదివారం వాక్యం చదివి ఆ సంగతి చెప్పాను. హాలంతా లేచి ఆమేన్ అంది! నెలాఖరున మా చర్చి సభలకు నువ్వు పంపిన గ్రాఫే గోడపత్రిక. తర్వాత ఉలుకూ పలుకూ లేదేం?

ఆశీస్సులతో,
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

తలెత్తి రాయలేకపోతున్నాను. క్వాంటమ్ డాట్ అంటే ఒక్క ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే స్ఫటికపు నలుసు. అది మింగలేని రంగు లేజర్‌ను దానిగుండా సన్నగా పంపుతాం. లోపల స్పిన్, అంటే ఎలక్ట్రాన్‌లోని బుల్లి అయస్కాంతం, తనంతట తాను తడబడుతుంటే, బయటికొచ్చే కాంతి కంపించే దిశ రవ్వంత వణుకుతుంది. ఆ వణుకే గ్రాఫులో శిఖరం.

బయటి అయస్కాంతం బలం పెంచితే శిఖరం పక్కకు జరగాలి. నాది పాతిన గుంజలా అక్కడే నిలబడింది. అది స్పిన్ కాదన్నయ్యా, చల్లబరిచే యంత్రం నుంచి తీగల్లో దూరిన కరెంటు గోల! ఆ పరీక్ష చేయకుండానే గంతులేశాను. నెలాఖరున మా ప్రొఫెసర్ పెద్ద సదస్సులో దీన్నే చూపించబోతున్నారు. ఆయనకు చెప్పడానికి నోరు రావడం లేదు.

నీ చిట్టి

ప్రియమైన చిట్టీ,

ఇంకెవరికైనా తెలుసా? తెలియకపోతే నా సభలయ్యేదాకా నోరు మెదపకు. గోడపత్రికలు అంటించేశారు. పోయేది నా పరువు కాదు, వాక్యం పరువు.

అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

అలాగే. చిన్నప్పుడు పక్కపిల్ల పెన్సిల్ తీశానని పదిమందిలో నిలబెట్టి నిజం చెప్పించింది నువ్వే. ఇప్పుడు నోరు మూసుకోమన్నదీ నువ్వే.

యంత్రం ఆపి చూశాను. శిఖరం మాయమైంది. ఎవరికీ చెప్పలేదు.

చిట్టి

ప్రియమైన చిట్టీ,

నీ ఉత్తరం గ్రంథంలో పెట్టుకుని సభకెళ్లాను. ఏ పేజీ తీసినా కళ్లకు అదే అడ్డొచ్చింది. చివరికి మైకు పక్కకు నెట్టి, "ఆ గ్రాఫు తప్పు. తెలిసీ దాచమన్నది నేను" అన్నాను.

వెనక బెంచీలోంచి దర్జీ లేచాడు. "మరి మేం దేనికి ఆమేన్ అన్నట్టు, అయ్యగారూ?"

"కరెంటు గోలకి!" అన్నారెవరో.

"ఊరుకోండి బాబూ, ఆయన మొహం చూడండి" అంది దర్జీ భార్య.

ప్రతిదానికీ వచనం అప్పజెప్పే నేను గ్రంథం మూసి కిందికి దిగాను. నిజం చెప్పమని నిన్ను నిలబెట్టిన నోటితోనే నీ నోరు నొక్కాను. ఇప్పుడు గోడపత్రికలు నేనే గీకుతున్నాను. గోళ్లనిండా జిగురు.

సిగ్గుతో,
అన్నయ్య

తా.క.: పోస్టును నమ్మక, బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రేపే కదా మీ ప్రొఫెసర్ సదస్సులో వేదిక ఎక్కేది? కాగితం అక్కడ పడెయ్. లే, చెప్పులేసుకో. ఇవాళే, ఈ పూటే వెళ్లి ఆయనకు చెప్పు!