ఒక్కటే జ్వరం

ఏమయ్యా,

నకిరేకల్‌లో మళ్లీ జ్వరాలు మొదలయ్యాయి. పొద్దున మన బిడ్డ శోభ నన్ను దవాఖానకు తీసుకుపోయింది. నర్సమ్మ నా వేలి నుంచి రక్తం చుక్క తీసి చూసింది. "నీకు షుగరొచ్చిందమ్మా. ఇగ జర ఒళ్లు వెచ్చవడ్డా ఇంట్ల పండుకోకు, ఎంబడే రా," అంది.

కరోనా మనిద్దరికీ ఒకేసారి వచ్చింది. నేను ఇంట్లోనే కోలుకుని లేచి తిరిగాను. నిన్ను హైదరాబాద్ తీసుకుపోయారు. "నాకేం గాదు, నువ్వు తిని పండుకో," అని అంబులెన్సులోంచి అన్నావు. ఒక్కటే జ్వరం నిన్ను తీసుకుపోయి నన్నెందుకు వదిలేసిందని ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేదు. ఈ రోజు నర్సమ్మను అడిగాను.

నీ సంగతంతా విని, "ఆయనకు షుగరుండె, పత్తిమిల్లుల పట్టుకున్న దమ్ముజబ్బుండె, వయసుగూడ మీదవడ్డది. నీకప్పుడు ఏం లేకుండె," అంది.

ఇప్పుడు నాకూ ఉంది. ఈసారి వస్తే నన్నూ వదలకపోవచ్చు. అది తెలిశాక కూడా భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికొచ్చి బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

శోభ షుగరు బిళ్ల, నీళ్లగ్లాసు తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. "మింగమ్మా. నాయిన పాయె. నువ్వుగూడ పోతే నేనెట్ల?" అంది. బిళ్ల నా అరచేతిలో పెట్టింది.

మింగానయ్యా.