లెక్కకు కుదరని మూడు నక్షత్రాలు

మన్సూరాబాద్, 12-6-2025

చి. వర్షకు నానమ్మ ఆశీస్సులు. ఫోనులో అడిగితే నవ్వి మాట మారుస్తావని కార్డు రాస్తున్నాను. నెలాఖరుకు నీ పరిశోధన వ్యాసం అచ్చుకు పంపుతారట. అంతరిక్ష టెలిస్కోపు చూసిన నలభై నక్షత్రాల వెలుగును బట్టి ఒక గెలాక్సీ దూరం లెక్క కట్టామన్నావు. వెంటనే, "మూడు కుదరలే నానమ్మా, సారు తీసెయ్యమన్నడు" అని తేలిగ్గా అనేశావు. అప్పటి నుంచి నాకు అనుమానమే. అవి తప్పని తేలిందా, కుదరలేదని తీశారా?

రోజూ పొద్దున నేను ట్యాంకులో నీటి మట్టం కొలిచి రాస్తాను కదా. పోయిన నెల రెండు రోజులు అంకె బాగా తగ్గింది. పై పోర్షన్‌లో కిరాయికుండే మహిపాల్, "పెద్దమ్మా, నువ్వే తప్పు చూసినవ్" అంటే నమ్మి ఆ రెండు అంకెలూ కొట్టేశాను. వారానికి మెట్ల కింద గోడ తడిసింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ప్లంబరు వచ్చి తవ్వితే పైపు పగిలి ఉంది. నేను కొట్టేసిన రెండు అంకెలే నిజం చెప్పాయి.

చెవి నొప్పికి దవాఖానకు వెళ్లావా? ఇక చేయవలసినవి:

1. ఆ మూడు నక్షత్రాలను మళ్లీ కొలువు.
2. తీయక తప్పకపోతే, ఎందుకు తీశారో వ్యాసంలోనే రాయి.
3. మీ సారు అదీ వద్దంటే, ఆ మూడింటితో పాటు నీ పేరు కూడా తీసేయమను.