గోడ మీది నాయన

శుక్రవారం, బత్తలపల్లె

పాప ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తారని ఈ పొద్దు అనంతపురం కోర్టుకు పోయినాము. నాకు విడాకులిచ్చిన సినిమా హీరోగారు విగ్గు తీసేసి బట్టతలతో వచ్చినాడు, జనం గుర్తుపట్టకూడదని. పాప కూడా గుర్తుపట్టలేదు. నా కొంగు వెనకాల దాక్కొని, "ఎవరమ్మా ఈ తాత?" అనింది. పాపం, ఆయన మొగం వాడిపోయింది.

"తల్లే బిడ్డకు తండ్రిని మరిపించింది" అని వాళ్ళ లాయరు తప్పంతా నా మీదికి తోసినాడు. నేనేం మరిపించినానప్పా? పాప నడక నేర్చినప్పట్నించి ఆయన ఈడికి వచ్చిందే లేదు. మళ్ళీ వాయిదా ఇచ్చినారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి గోడ మీద సినిమా పోస్టరు కనబడింది. పాప సీటెక్కి నిలబడి, "అదో, మా నాయన!" అని అరిచింది.

కండక్టరు నవ్వి, "పిల్లోళ్ళంతా అట్లే అంటారులే పాపా" అన్నాడు.

పాప నా దిక్కు చూసింది. నిజమేనని చెప్పే ఓపిక నాకు లేకపోయింది.