మంచం పట్టె మీద వేళ్ళు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. క్షేమంగానే ఉన్నాను. నువ్వూ అలాగే ఉండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి అడిగాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. అన్నం వేళకే తింటున్నాను, ఒట్టు. కింద మృదంగాల కొట్టు మీ బాబాయి తెరుస్తున్నాడు. మీ నాన్న సగం బిగించి వదిలేసిన మృదంగం మాత్రం గోడకి ఆనించే ఉంది, దాన్ని ముట్టుకోడు. నీ కొత్త పాట అతనూ విన్నాడు. "వదినా, అది వింటుంటే నా గుండె రెండింతలు కొట్టుకుంది. బీపీ బిళ్ళ వేసుకుని మళ్ళీ విన్నాను" అన్నాడు. మీ డ్రమ్ అండ్ బేస్ సంగీతంలో నిమిషానికి నూట డెబ్బై నాలుగు దెబ్బలట కదా. బిళ్ళ తప్పేది కాదులే.

రికార్డు అట్ట మీద వెయ్యడానికి మీ నాన్న చేతుల ఫోటో అడిగావు. ఈ కవరులోనే పెట్టాను. కానీ ఆ ఫోటో కింద అచ్చు వేయిస్తానన్నావు చూడు, 'ఇందులోని ప్రతి దెబ్బనీ మా నాన్న విని దిద్దారు' అని, అది చదివిన దగ్గర్నుంచి నాకు పూజలో మనసు నిలవడం లేదు. మూడు రోజులుగా దేవుడి ముందు కూర్చుని, లేచి వచ్చేస్తున్నాను. ఫోనులో చెబుదామంటే ఏడుపు తప్ప మాట రాదు. అందుకే రాస్తున్నాను.

తల్లీ, మీ నాన్న నీ పాటలు వినలేదు.

నాలుగేళ్ళ క్రితం నువ్వు పంపిన మొదటి పాట విన్నారు, అదీ ఒక్క నిమిషం. చిన్నప్పుడు నీకు పాఠం చెబుతూ ఆయన వాయించిన మృదంగాన్ని ముక్కలుగా కోసి, వేగం పెంచి, కింద బేస్ అంటారే, ఆ లోతు శబ్దం పెట్టావు. "ఆపు" అన్నారు. "నేను నడక నేర్పితే, ఇది నా చేతులు విరిచి పరిగెత్తిస్తోంది" అన్నారు. లేచి వెళ్ళి, తోలు పని ముగించినప్పటిలా చేతులు కడుక్కున్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది. నాన్న బాగుందని ఒక్క మాట అంటే చాలని, లేకపోతే ఇది మానేసి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటానని రాశావు. ఆ ఒక్క మాటా నేనే రాశాను.

ఒకదానితో ఆగానా? మూడో ఆవర్తంలో తొందరపడ్డావన్నారని, సితార్ వచ్చేచోట బేస్ తగ్గించమన్నారని రాసినవన్నీ నా మాటలే. నువ్వు పంపిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వంటింట్లో వినేదాన్ని. ముప్పై ఏళ్ళు భజనలో ఆయన పక్కన కూర్చుని తాళాలు వేశాను కదా, లయ ఎక్కడ జారిందో చెవికి తెలిసేది. నువ్వు వెంటనే దిద్దుకుని, 'నాన్న చెవే చెవి' అని రాసేదానివి. అది చదివి లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఆ పాపమూ చెప్పుకోవాలి.

నువ్వు ఇంటికొచ్చినప్పుడల్లా, ఎక్కడ బయటపడుతుందోనని మీ ఇద్దరి మధ్యే తిరిగేదాన్ని. మీరిద్దరూ మొహమాటపడి పాట మాటే ఎత్తేవారు కాదు. దేవుడు కాపాడాడనుకునేదాన్ని. మీరు ఒక్కసారి గొడవపడి ఉంటే ఒకరి మనసు ఒకరికి తెలిసేదేమో. ఆ గొడవ నేను పడనివ్వలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి నిన్నంతా పట్టింది. ఆయన పోయిన రోజు నువ్వు నా ఒళ్ళో తల పెట్టి, "నాన్న నా పాట చివరిసారి ఎప్పుడు విన్నాడమ్మా?" అని అడిగావు. ఆసుపత్రిలో వినిపించానని, మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేశారని చెప్పాను. వినిపించబోయిన మాట నిజం. ఇయర్‌ఫోను చెవి దగ్గర పెట్టాను. కళ్ళు తెరవకుండానే తీసి నా అరచేతిలో పెట్టి, "వద్దులే" అన్నారు. కోపంగా కాదు. తర్వాత, "అమ్మాయి వేళకి తింటోందా?" అన్నారు. నీ గురించి ఆయన అడిగిన ఆఖరి మాట అదే. అదొక్కటీ నేను కల్పించింది కాదు, నమ్ము. నమ్మమని అడిగే మొహం నాకు లేదని తెలుసు.

నువ్వేమో ఆ వేళ్ళనే పాట చేశావు.

అట్ట మీద ఆ మాట తీసేయించు. దాని బదులు నా పేరు వెయ్యకు. నా మీద కోపం వచ్చి కొన్నాళ్ళు మాట్లాడకపోయినా ఓర్చుకుంటాను, పాట మాత్రం మానకు.

రికార్డులో చివరి పాట ఎలా ఉందని అడిగావు. దాని మొదట్లో ఇనుప మంచం పట్టె మీద వినిపించే నాలుగు దెబ్బలూ తీసేయమ్మా. అవి ఎవరూ వెయ్యలేదు. వాటి చోటు మాత్రం కుదించకు. అంతసేపూ ఖాళీగా వదిలి, ఐదో దెబ్బ నుంచి నీ నడక మొదలుపెట్టు. ఇది ఆయన మాట కాదు. నాది.

ఇట్లు,
నీ పాటలు విన్న మీ అమ్మ