మధ్యాహ్నపు చాప

ఫోర్‌మన్ నిసార్ భాయ్‌కి,

సోహార్ సైట్‌లో మీ కింద పనిచేసే మా అందరి తరఫున రాస్తున్నాను.

ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాలని ఇక్కడి ఒమన్ సర్కారు రూలు. నిరుడు లింబాద్రి తల్లి చనిపోతే, అతన్ని ఊరికి పంపడానికి అతని పని కూడా మేమే ఆ మధ్యాహ్నపు ఎండలో చేశాం. మంచి మనసుతో మీరు ఒప్పుకున్నారు. తర్వాత భీమన్నకు జ్వరమొస్తే చేశాం. కాంక్రీటు లారీ ఆలస్యమైందని మీరే చేయించారు. ఇప్పుడు రోజూ చేయిస్తున్నారు, కారణం కూడా చెప్పడం లేదు.

నిన్న కొత్తగా వచ్చిన సురేందర్ అడిగాడు: "అన్నా, ఈడ పగటీలి ఎండల పని ఆపుడు గూడ ఉంటదా?"

ఒళ్లు మండింది భాయ్.

రేపు పన్నెండున్నరకు పని ఆపేస్తాం. జీతం కోస్తారో, ఇంటికే పంపుతారో మీ ఇష్టం. "నా తల్లి పేరు మీద మొదలైంది, నేనే ఆపుత" అంటున్నాడు లింబాద్రి. నీడలో మొదటి చాప అతనిదే.

పక్కన మీకూ చోటుంచాం.