పాత సైలెన్సర్ బిగించేదాక బండి తీయకు

బసవరాజు, నేను డ్యూటీకి బస్సుల పోతున్న. బండి తాళం నా దగ్గరనే ఉన్నది, వెతకకు. అటక మీదికెళ్ళి పాత ఎయిర్ ఫిల్టర్, పాత సైలెన్సర్ దించు. సప్పుడు కోసం నువ్వు పెట్టిన కొత్తయి తీసేసి, ఈ రెండూ తిరిగి బిగించు. దానికి తాళం అక్కర్లేదు. సైలెన్సర్ జాయింట్‌ల కొత్త వాషర్ వెయ్యి, గాలి లీక్ కావద్దు.

నిన్న అమ్మ మోకాలు చూపించనీకి దవాఖానకు తీస్కపోతుంటే కోహీర్ రోడ్డు మీద చెరుకు లారీని దాటవోయిన. రేజ్ ఇస్తే బండి ఉరకలే, దగ్గి ఆగింది. ఎదురుంగ బస్సు వస్తున్నది. భయపడి రోడ్డు కిందికి దింపిన. అమ్మ వెనక నుంచి మట్టిల పడ్డది. మోచెయ్యి తోలంత లేచింది.

మెకానిక్ ప్లగ్ తీసి చూపెట్టిండు. సున్నం లెక్క తెల్లగున్నది. "నీ తమ్ముడు గాలి పెంచిండు, పెట్రోల్ మాత్రం పెరగలే. గిట్లనే నడిపితే ఇంజన్ కాలిపోతది" అన్నడు. బండి టప్ టప్‌మని పేలుతున్నదని నేను ఎన్నిసార్లు చెప్పిన? "అది స్టైల్ అక్కా" అంటివి. నీ స్టైల్‌కు అమ్మ చస్తుండె! ఆ సప్పుడే కావాలంటే హైదరాబాద్ పోయి బండి కంప్యూటర్‌ల పెట్రోల్ పెంచి సెట్ చేపించుకొని రా. అప్పటిదాక ఆ కొత్త సైలెన్సర్ ముట్టకు.

రొట్టెలు గిన్నె కింద ఉన్నయి. తిని పని మొదలుపెట్టు.

— అక్క

అమ్మను అడిగితే "బండి మంచిగనే ఉన్నది, నేనే జారిన" అంటది. డాక్టర్‌కు గూడ అట్లనే చెప్పింది. నమ్మకు.