మూడో సంపుటంలో చావు

కాంబర్‌వెల్, 9 మార్చి 1889

ప్రియమైన కెజయా,

నా నవల నీ కంట పడకుండా దాచాను. అది నీ చేతికి చేరిందని విన్నాక ఇంక దాచి లాభం లేదు. నీ కథ ఉన్నదున్నట్టు రాస్తానని నీ లాండ్రీలో ఇస్త్రీబల్ల పక్కన కూర్చుని మాటిచ్చాను. పెళ్లికాకుండా తల్లై, ఊరి బట్టలుతికి, కూతుర్ని పెంచి, తలెత్తుకు బతికిన మనిషి కథ. మొదటి రెండు సంపుటాల్లో ఆ మాట తప్పలేదు.

మూడోదాంట్లోనే తప్పాను. చందాదారులకి పుస్తకాలు అద్దెకిచ్చే గ్రంథాలయాలు కొనకపోతే మూడు సంపుటాల నవలకి దిక్కులేదని నీకు తెలుసు. అక్కడ పుస్తకాలు ఎంచే ట్రెడ్‌గోల్డ్ నన్ను పిలిపించి, టీ పోయించి మరీ అడిగాడు.

"మీ కథలో పిల్ల చివరికొచ్చినా ఇంకా బతికే ఉందేంటండీ?"

"బతికే ఉంది కాబట్టి."

"మా చందాదారుల ఇళ్లలో ఆడపిల్లలున్నారు మేడమ్. కనీసం ఓ జబ్బన్నా రానివ్వండి."

"మరి ఆమెని వదిలేసిన పెద్దమనిషికో?"

"అతనికి ఒక పేజీ పశ్చాత్తాపం చాలదూ?"

కళకి నీతి ఉండాలట. ఎవరి నీతి? నీలాంటివాళ్లు ఈ నగరంలో వీధికొకరు బతుకుతున్నారు. బతకడం తప్పు కాదట, అది అచ్చులో కనబడటమే తప్పట. ఇదంతా అతని ముఖం మీదే అన్నాను. అని ఇంటికొచ్చి, నలభై పేజీలు చించి, నిన్ను క్షయతో చంపాను. రెండు సంపుటాల నిజమైనా జనంలోకి వెళ్తుందనుకున్నాను. తిట్టు. కానీ జవాబు రాయి.

నీ అగస్టా

డెట్‌ఫర్డ్, 14 మార్చి

మిస్ అగస్టాకి,

ఆ పుస్తకం నా చేతికిచ్చింది మా హెస్టరే. దానికి పద్దెనిమిదేళ్లు. దాని పుట్టుక సంగతి నేనెప్పుడూ దాచలేదు. వీధిలో ఎవరన్నా నోరు జారితే "మీ మురికంతా ఉతికేది మా అమ్మే" అని తిరగబడేది. మూడో సంపుటం చదివాక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు నేను కాలర్లు ఇస్త్రీ చేస్తుంటే వచ్చి అంది, "ఆ కథలో ఆమెకి సిగ్గుందమ్మా. కూతురికి అడ్డు కాకుండా చచ్చిపోయింది."

"నేను పోయుంటే నీకు గంజి ఎవరు కాచేవాళ్లే?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

సోమవారం కెంట్‌లో ఒక పాస్టర్‌గారింట్లో పనికి చేరింది. తల్లి చనిపోయిందని చెప్పుకుందట. ఉత్తరాలు రాయొద్దని చీటీ పంపింది.

మీరు వాదించారంటే నమ్ముతాను. ట్రెడ్‌గోల్డ్ మీద నాకేం కోపం లేదు, అతను నన్నెరగడు. మీరు చాలా బాగా రాస్తారు. హెస్టర్ వెళ్లాక నేనూ చివరిదాకా చదివాను. ఆ పిల్ల దగ్గి దగ్గి, బిడ్డ చెయ్యి వదిలేసినచోట ఏడ్చాను. ఏడుస్తూనే, పోనీలే, ఇదే మంచిదయింది అనుకున్నాను. ఈ పద్దెనిమిదేళ్లలో, తిండి లేని రోజున కూడా, నాకు ఆ మాట తోచలేదు.

ఇక్కడికి రాకండి.

కెజయా స్ట్రౌడ్